ఎస్సీ, ఎస్టీ కాలనీల దగ్గర కొత్త ఫ్యాక్టరీలు వద్దని మాస్టర్ ప్లాన్‌లో రూలు పెట్టాలా?

చిత్తూరు_చింతచెట్టు:
పెట్టాలనే నా వాదన. ఊరి బయట భూమి చవక, అడిగేవాళ్లు ఉండరు, కాబట్టి ఫ్యాక్టరీ అయినా చెత్త యార్డు అయినా ఎస్సీ కాలనీ, యానాదుల కాలనీ వైపే పోతుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 2020లో చట్టం చేసింది. పేదలో, నల్లజాతి వంటి మైనారిటీలో ఎక్కువగా ఉండి ఇప్పటికే కాలుష్యం మోస్తున్న చోట కొత్త యూనిట్‌కు పర్మిట్ ఆపేయొచ్చు. మన తిరుపతి, చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థలు తుడా, చుడా ఆ పని చేయలేవా?

గాజులమండ్యం_ఫిట్టర్:
చెప్పడం తేలికే అన్నా. నాతో షిఫ్టుకొచ్చే వాళ్లలో సగం మంది ఆ కాలనీల వాళ్లే. యూనిట్ ఇరవై కిలోమీటర్లు జరిగితే నైట్ షిఫ్టుకి ఆడవాళ్లు ఎట్లా వస్తారు?

తోతాపురి_బిడ్డ:
మామిడి పల్ప్ ఫ్యాక్టరీలు తోటలకు దగ్గరుంటేనే రైతుకు గిట్టుబాటు. 2025లో తోతాపురి కాయ కిలోకి 12 రూపాయలన్నారు, అందులో 4 ప్రభుత్వం ఇస్తామంటే గానీ కుదరలేదు. పైన ట్రాక్టర్ బాడుగ కూడానా? సీజన్‌లో తొక్కలు, టెంకలు కుళ్లిన కంపు మా వీధికీ వస్తుంది, కాదనను.

లేఅవుట్_లెక్కలు:
అసలు చిక్కు వేరే ఉంది. ‘రెడ్ కేటగిరీ వద్దు’ అని, అంటే ఎక్కువ కాలుష్యం చేసేవి వద్దని రాస్తే మన జిల్లాలో పెద్దగా ఏమీ ఆగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 2016 జాబితాలో పండ్ల ప్రాసెసింగ్‌ని ఆరెంజ్‌లో, అంటే రెడ్ కింది మెట్టులో పెట్టారు. అప్పట్లో కాలుష్య స్కోరు 60 గానీ అంతకు మించి గానీ ఉంటేనే రెడ్. ఆ స్కోరు కూడా పరిశ్రమ రకాన్ని బట్టి వేసిందే, పక్కన ఎవరున్నారని కాదు. ఒకే చెరువు మీద ఐదు ఆరెంజ్ యూనిట్లు పడినా కాగితం మీద అన్నీ ఆరెంజే. న్యూజెర్సీ నుంచి తెచ్చుకోవాల్సింది ఒక చోట ఉన్న కాలుష్యమంతా కలిపి చూసే ఈ మొత్తం భారం లెక్కే, దూరం రూలు కాదు.

చిత్తూరు_చింతచెట్టు:
ఒప్పుకుంటా. కానీ ఆ లెక్క తేలేదాకా దూరమైనా ఉండాలి కదా?

రేణిగుంట_రోడ్డు:
దూరం రూలు ఇంతకుముందే పెట్టారు సార్. చెత్త పూడ్చే చోటికీ ఇళ్లకీ మధ్య 200 మీటర్లు ఉండాలని 2016 చెత్త నిబంధనల్లో రాశారు. మరి యార్డు పక్కనే పేదలకు ఇళ్ల పట్టాలిస్తే? మా బంధువులకు అట్లాగే ఇచ్చారు. అక్కడ ఫ్యాక్టరీ కాలనీ దగ్గరికి రాలేదు, కాలనీనే తీసుకెళ్లి యార్డు పక్కన పెట్టారు. జోనింగ్, అంటే ఏ భూమి దేనికి వాడాలనే రూలు మారిస్తే ముందు హౌస్ సైట్లకు ఆ హద్దు వేయండి.

గాజులమండ్యం_ఫిట్టర్:
దీనికైతే నేనూ సంతకం పెడతా. ఉన్న యూనిట్‌ని కదిలిస్తామంటే మాత్రం పెట్టను.