పెళ్ళితో మొదలయ్యే ప్రేమకథల్లో అమ్మాయికి ‘వద్దు’ అనే వీలుందా?

మియాపూర్ లైన్:
మెట్రోలో వెళ్తూ వస్తూ ఫోన్‌లో రొమాన్స్ సీరియళ్ళు చదవడం నాకు అలవాటు. ఈ మధ్య ఏది తెరిచినా మొదటి ఎపిసోడ్‌లోనే తాళి పడిపోతోంది. అక్క పీటల మీద నుంచి లేచిపోతుంది, పరువు పోతుందని చెల్లెల్ని కూర్చోబెడతారు. లేదంటే నాన్న అప్పు, తాతయ్య ఆఖరి కోరిక. వరుడు ఎప్పుడూ జూబ్లీహిల్స్ కోటీశ్వరుడే, ఎప్పుడూ కోపిష్టే. నలభయ్యో ఎపిసోడ్‌కి ఇద్దరికీ ప్రేమ. పెద్దలు కుదిర్చిన పెళ్ళితో నాకేం గొడవ లేదు, మా ఇంట్లో అందరివీ అవే. కానీ ఆ అమ్మాయి వద్దంటే ఏమయ్యేదో కథలో ఎక్కడా ఉండదు. ఆ దారి లేని చోట పుట్టిన ప్రేమని నేను నమ్మలేకపోతున్నాను. మీ సంగతేంటి?

వనస్థలిపురం బాబాయ్:
వారపత్రికల కాలం నుంచి సీరియళ్ళు చదువుతున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నానమ్మా, ప్రేమించి చేసుకునే కథలో పెళ్ళి కాగానే శుభం కార్డు పడిపోతుంది, కాపురం ఎవరూ రాయరు. కుదిర్చిన పెళ్ళి కథలోనే అసలు సంగతి మొదలవుతుంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకే గదిలో, ఎవరు గోడ వైపు పడుకోవాలి, ఫ్యాన్ ఎంతలో పెట్టాలి, అందరి ముందూ ఆయన్ని ఏమని పిలవాలి. మా ఆవిడ కొత్తలో ఏమనాలో తెలియక ‘ఇదిగో’ అనేది, ఇప్పటికీ అదే. ఇందులో ఉన్న రొమాన్స్ కాలేజీ క్యాంటీన్‌లో ఎక్కడుంది?

మియాపూర్ లైన్:
బాబాయ్ గారూ, పిన్నిగారి వైపు నుంచి ఆ కథ వినాలని ఉంది :)

అర్ధరాత్రి ఎపిసోడ్:
నేను ఇలాంటి సీరియళ్ళే రాస్తాను, కాబట్టి తిట్లు నాకూ వర్తిస్తాయి. కానీ తాళి మొదటి ఎపిసోడ్‌లో ఎందుకు పడుతుందో చెప్పనివ్వండి. ఇద్దరు మనుషులు దగ్గరవ్వాలంటే నాలుగు గోడల మధ్య కొంత సమయం కావాలి, మన కథల్లో హీరోయిన్ మీద మాట పడకుండా ఆ గది సంపాదించాలంటే తాళి కంటే తేలికైన దారి లేదు. పెళ్ళి కాకుండా గచ్చిబౌలిలో ఒకే ఫ్లాట్‌లో పెట్టి రాశాను ఒకసారి, కథ గురించి ఒక్క మాట లేదు, కామెంట్లన్నీ ఆ అమ్మాయి పెంపకం మీదే. అదే జంటకి బలవంతపు పెళ్ళి చేసేస్తే అందరూ ‘తర్వాతి భాగం ఎప్పుడండీ’ అంటారు.

ఇంకోటి కూడా ఉంది, ఎవరూ పైకి అనరు గానీ. అమ్మాయి కోరుకుంది అని రాస్తే ఆ కోరికకి ఆమే జవాబు చెప్పుకోవాలి. బలవంతంగా జరిగింది అంటే ఏ నిందా లేకుండా అన్నీ దొరుకుతాయి. చదివేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, ఆ వెసులుబాటు వాళ్ళకి చాలా నచ్చుతుంది. దాన్ని తక్కువచేసి మాట్లాడకండి.

లా చదివిన పిల్ల:
అక్కా, మీరు చెప్పినదాంట్లో నిజం ఉంది, అందుకే నాకు భయం కూడా వేస్తోంది. ఆ గది సురక్షితం అని మీ కథ చెప్తోంది. చట్టం చెప్పేది వేరే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కింద కూడా, భార్యకి పద్దెనిమిదేళ్ళు నిండితే భర్త బలవంతం చేసినా అది రేప్ కిందికి రాదు. పాత శిక్షాస్మృతిలోని మినహాయింపుని, వయసు పరిమితి తప్ప, అలాగే ఉంచేశారు. అంటే మీ కోపిష్టి హీరో మొదటి రాత్రి సోఫా మీద పడుకున్నాడంటే అది కేవలం ఆయన దయ. ఆ దయ చూసే హీరోయిన్ కరిగిపోతుంది. హక్కుగా ఉండాల్సినదాన్ని మంచితనంగా రాస్తున్నాం.

కట్నం ఇంకో వింత. కోటీశ్వరుడికి అవసరం లేదు కాబట్టి ఈ కథల్లో ఇచ్చిపుచ్చుకోవడాల మాటే రాదు. 1961 నుంచి కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. మరి మన ఇళ్ళల్లో మాటలన్నీ తిరిగేది దేని చుట్టూ? ఆడపడుచు లాంఛనాల దగ్గర తెగిపోయిన సంబంధాలు నేనే చూశాను.

వనస్థలిపురం బాబాయ్:
రొమాన్స్ చదివేదే ఇవన్నీ కాసేపు మర్చిపోవడానికి కదమ్మా. సెక్షన్లన్నీ పెడితే అది కేసు కట్ట అవుతుంది.

మియాపూర్ లైన్:
మర్చిపోదాం, సరే. కానీ ఎవరి కష్టం మర్చిపోతున్నామో చూసుకోవాలి కదా. హీరోకి వంద కోట్లు ఇవ్వండి, ఆరడుగుల ఎత్తు ఇవ్వండి, వంట కూడా రానివ్వండి, నాకు సంతోషమే. అన్ని వరాలు ఇవ్వగలిగిన కథ ఆ అమ్మాయికి నోరు తెరిచి వద్దనే ఒక్క నిమిషం ఎందుకు ఇవ్వలేకపోతోంది?

నిజం పెళ్ళిచూపులు ఎలా ఉంటాయో తెలుసుగా. ముందు వాట్సాప్‌లో బయోడేటా వస్తుంది: కులం, శాఖ, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, రంగు, ప్యాకేజీ, సొంత ఇల్లు ఉందా లేదా. ఇష్టాయిష్టాలకి గడి ఉండదు, ఉన్నా ‘పుస్తకాలు, సంగీతం’ అని వాళ్ళ నాన్న నింపుతారు. తర్వాత ‘ఇద్దరూ కాసేపు మాట్లాడుకోండమ్మా’ అని బాల్కనీలోకి పంపుతారు. తలుపు సగం తీసే ఉంటుంది, కర్టెన్ వెనక ఎవరో ఒక అత్తయ్య చెప్పులు కనబడుతుంటాయి. అబ్బాయి ‘మీ హాబీలు?’ అంటాడు. ఈ పది నిమిషాల్లో ఎంత కథ ఉంది! ఆ అబ్బాయి గొంతు తగ్గించి ‘మీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పండి, నేనే వద్దన్నానని మా ఇంట్లో చెప్తాను’ అన్నాడనుకోండి, ఆ ఒక్క మాటకి నేను పడిపోతాను. తర్వాత మూడొందల ఎపిసోడ్లు చదువుతాను.

చార్మినార్ చాయ్:
మా పాతబస్తీ రిష్తాల సంగతి కూడా వినండి. నికాహ్‌లో అమ్మాయి ఒప్పుకోవాలి, సాక్షులుండాలి, మెహర్ అంటే పెళ్ళికానుక సొమ్ము, అది అబ్బాయే అమ్మాయికి ఇవ్వాలి. అంటే అడగడం అనేది పద్ధతిలోనే ఉంది. కానీ అడిగే వేళకి ఫంక్షన్ హాల్ నిండా జనం, బిర్యానీ దమ్ మీద ఉంటుంది, వాళ్ళ అమ్మీ పక్కనే కూర్చుని భుజం పట్టుకుని ఉంటుంది. అప్పుడు వద్దు అనేవాళ్ళు ఎవరు? కాబట్టి అడిగారా లేదా అన్నది కాదు, ఎప్పుడు అడిగారు, పక్కన ఎవరున్నారు అన్నది చూడాలి. ఇంగ్లీష్‌లో మా హైదరాబాద్ అమ్మాయిల కథలు చదివాను, అందులో షేర్వానీ వర్ణన రెండు పేజీలు, ఈ సంగతి రెండు లైన్లు.

అర్ధరాత్రి ఎపిసోడ్:
బాల్కనీ సీన్ బాగుంది, కొట్టేస్తున్నాను, అడగను కూడా అడగను.

లా చదివిన పిల్ల:
ఆ అబ్బాయి వేరే కులం అయితే బాల్కనీ దాకా వచ్చేవాడే కాదు, అది కూడా రాసుకోండి. వడపోత అంతా బయోడేటా మొదటి లైన్‌లోనే అయిపోయింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే ఇంట్లోవాళ్ళ, కులపెద్దల అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు శక్తి వాహిని కేసులో 2018 మార్చిలో చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో, వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్న ప్రణయ్‌ని చంపేసిన సంగతి మనందరికీ తెలుసు. సొంత కులంలో, సొంత ఊళ్ళో, సరైన ప్యాకేజీతో దొరికిన వరుణ్ణే ‘విధి కలిపింది’ అని రాస్తుంటే నాకు నవ్వొస్తుంది.

ప్లాట్ కావాలంటే కులమతాలు చూడకుండా పెళ్ళి చేసుకోనిచ్చే 1954 ప్రత్యేక వివాహ చట్టం చదవండక్కా. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, ఇద్దరి పేర్లూ ఆఫీసులో అతికిస్తారు, ఆ లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఏ మేనమామ ఎప్పుడు చూస్తాడో అన్న టెన్షన్‌తో రోజుకో ఎపిసోడ్, నెలంతా నడుస్తుంది.

అర్ధరాత్రి ఎపిసోడ్:
ముప్పై ఎపిసోడ్లు! నిజంగానే రాస్తాను. కానీ కుదిర్చిన పెళ్ళి కథలు మానను, ముందే చెప్తున్నా. తర్వాతి సీరియల్‌లో మాత్రం హీరోయిన్ తాంబూలాల ముందు రోజు వద్దంటుంది, సంబంధం నిజంగా తప్పిపోతుంది. ఆరు నెలల తర్వాత ఇద్దరూ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఎదురుపడతారు. ఈసారి మధ్యవర్తి లేడు.

చార్మినార్ చాయ్:
ఇది చదువుతా. హీరోకి కారు వద్దు, స్కూటీ చాలు.

వనస్థలిపురం బాబాయ్:
కథ బానే ఉంది గానీ, తాంబూలాల ముందు రోజు వద్దంటే ఆ పిల్లాడి తల్లి చుట్టాలందరికీ ఫోన్లు చేయకుండా ఊరుకుంటుందా? ఆమె రెండోసారి ఒప్పుకునే ఎపిసోడ్ నువ్వు ఎలా రాస్తావో చూడాలి. అది దాటేసి ‘ఏడాది తర్వాత’ అని రాశావో, కామెంట్లలో మొదట తిట్టేది నేనే.