అమ్మానాన్నలతో బాదు మాంగ్రోవ్స్ నడక: సలహా కావాలి

ప్రశ్న: సిడ్నీకి కొత్తగా వచ్చాం. అమ్మానాన్నలు కాకినాడ నుంచి వచ్చారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. హోంబుష్ దగ్గరి బాదు మాంగ్రోవ్స్ అనే మడ అడవిలో నడవగలరా? అక్కడ గాలం వేయొచ్చా?

జవాబు: హాయిగా నడవగలరండి. మడ చెట్ల మధ్య చదునైన బోర్డ్‌వాక్ ఉంది. కాంకర్డ్ వెస్ట్ స్టేషన్ నుంచి నడిచే దూరమే గానీ, ఆ నడకకే మోకాళ్ళు అలిసిపోతాయి. కారులో, ఆ మడ అడవి ఉన్న బైసెంటెనియల్ పార్కు లోపలికే తీసుకెళ్ళండి. ముందు సిడ్నీ హార్బర్‌లోని ఫోర్ట్ డెనిసన్ పోటుపాట్ల పట్టిక చూసుకోండి, హోంబుష్ బేలో కాస్త ఆలస్యంగా వస్తాయి. పాటు సమయానికి వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్ళు, పీతలు కనిపిస్తాయి. పోటు మీద వెళ్తే నీళ్ళే. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే మురుగు అనుకోకండి, గాలి ఆడని బురద వాసన అది. ఈ మడ చెట్టు మీ కోరింగలో ఉన్న తెల్లమడే. పక్కనున్న స్వాంప్ ఓక్ మన సరుగుడుకి దగ్గరి చుట్టం.

ఇంకో జవాబు: దోమల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద పోటు తర్వాత ఉప్పు చిత్తడిలో పుట్టే దోమ పగలు కూడా కుడుతుంది. దాని కాటు వల్ల రాస్ రివర్ జ్వరం వస్తే కీళ్ళ నొప్పులు వారాల తరబడి వదలవు, టీకా లేదు. పొడుగు చేతుల చొక్కా వేయించండి. ముందు సన్‌స్క్రీన్, దాని మీద పికారిడిన్ లేదా డీట్ ఉన్న దోమల మందు. వేసవిలో ఎర్రపొట్ట నల్లపాములూ తిరుగుతాయి, గడ్డిలోకి దిగొద్దు. కాటు పడితే కడగకండి. కాలు మొత్తం గట్టిగా బ్యాండేజీ చుట్టి, కదలనివ్వకుండా అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి.

మరో జవాబు: ఇది వాంగల్ అనే ఆదివాసీల నేల. బాదు అంటే వాళ్ళ భాషలో నీళ్ళు. పడవని నావీ అనేవాళ్ళు. మన నావతో పోలిక యాదృచ్ఛికమే అయినా అమ్మగారికి తప్పక చెప్పండి. సిడ్నీ తీరంలో ఆడవాళ్ళు బెరడు పడవల్లో కూర్చుని, గవ్వతో చెక్కిన గాలాలతో చేపలు పట్టేవారు. తరాలుగా తిని పోసిన గవ్వల గుట్టలని 1788 తర్వాత వచ్చిన బ్రిటిష్ వాళ్ళు సున్నం కోసం కాల్చేశారు. అందుకే గవ్వ గానీ రాయి గానీ జేబులో వేసుకోకండి, ఆదివాసీల వస్తువులని పాడుచేయడం చట్టప్రకారం నేరం.

గాలం సంగతి: పాత రసాయన కర్మాగారాల డయాక్సిన్ అనే విషం అక్కడి నీళ్ళ అడుగు బురదలో ఉంది. హార్బర్ బ్రిడ్జికి పడమట పట్టిన చేప, రొయ్య, పీత ఏదీ తినొద్దని ప్రభుత్వ సూచన. పులుసు ఆశ అక్కడ పెట్టుకోకండి. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అలాస్కా నుంచి వచ్చే గాడ్‌విట్ పక్షులుంటాయి, బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.