స్కెగ్‌నెస్ పిక్నిక్: మెటల్ డిటెక్టర్ ఆటకి ఆరుగురు వాలంటీర్లు కావాలి

పిల్లల ఆటల బాధ్యత:
అందరికీ నమస్కారం. ఆగస్టు పిక్నిక్‌లో పిల్లలకి మెటల్ డిటెక్టర్ ఆట పెడదామని మీటింగ్‌లో అనుకున్నాం కదా. మనకే తెలియకుండా పిల్లల చేతికి ఎలా ఇస్తామని ఆదివారం నేనూ మా అబ్బాయీ ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్కెగ్‌నెస్ వెళ్ళి మొదటిసారి చేసి చూశాం. ఒక డిటెక్టర్ పక్కింటాయన ఇచ్చారు, ఇంకొకటి అద్దెకి తెచ్చాం.

నేరుగా నీళ్ళ అంచుకి పోయాం. అక్కడే తప్పు చేశాం. పక్కింటాయనది ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసేది. ఉప్పునీళ్ళు కరెంటుని పోనిస్తాయి కాబట్టి తడి ఇసుక అంతా దానికి లోహంలాగే తోస్తుంది. ఆగకుండా కూస్తూనే ఉంది. సెన్సిటివిటీ తగ్గిస్తే కాస్త ఊరుకుంది గానీ లోతు అందలేదు. అద్దెకి తెచ్చినది ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడేది, బీచ్ మోడ్ పెడితే తడిలోనూ బాగానే ఉంది. ఆటకి కావలసిన మూడు డిటెక్టర్లూ అలాంటివే దొరకవు కాబట్టి పిల్లల ఆట మొత్తం పొడి ఇసుకలోనే పెడదాం.

మూడు గంటల్లో దొరికినవి: కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు పదకొండు, ఒక గుడారం మేకు, కొన్ని నాణేలు. రింగు మోతా బంగారు ఉంగరం మోతా దాదాపు ఒకలాగే ఉంటాయి, అందుకే ప్రతిదీ తవ్వాల్సిందే. తుప్పు ముద్దలా ఉన్న రెండు పెన్నీల బిళ్ళకి మా వాడు అయస్కాంతం తగిలించాడు, టక్కున అతుక్కుంది. 1992 నుంచి పెన్నీలు రాగి పూత వేసిన ఉక్కుతో చేస్తున్నారు, పాత కంచువి అతుక్కోవు. చివర్లో ఒక గుండ్రటి పౌండు బిళ్ళ దొరికింది. 2017 అక్టోబర్‌లో చెలామణీ నుంచి తీసేసినది. వాడు దాన్ని ఎప్పుడూ చూడలేదు, ఇంటిదాకా పిడికిట్లోనే పట్టుకుని వచ్చాడు. మన పిల్లలందరికీ ఆ ఆనందం దొరకాలని నా కోరిక.

ఇప్పుడు అసలు మాట. పోయిన ఏడు మన వదిన ఒకరి మెట్టె ఇసుకలో పడిపోతే చీకటి పడేదాకా మోకాళ్ళ మీద వెతికాం, గుర్తుందా? డిటెక్టర్ ఉంటే దొరికేదేమో అని అప్పటినుంచీ నా మనసులో ఉంది. అందుకే నా నగలు తీసి ఒక్కొక్కటిగా పాతిపెట్టి చూశాను. నిండు వెండి ఉంగరం జానెడు లోతులో కూడా పలికింది. మెట్టె బెత్తెడు లోతుకే సన్నగా మూలిగి ఆగిపోయింది. మెట్టె కింద అతుకు ఉండదు కదా, చుట్టు పూర్తి కాని చోట సిగ్నల్ బలంగా రాదు. నల్లపూసల సన్న గొలుసైతే లింకులు విడివిడిగా ఉండటం వల్ల ఇంకా కష్టం. కాబట్టి యంత్రం ఉంది కదా అని ధీమా వద్దు. మెట్టెలు, సన్న గొలుసులు ఆ రోజు ఇంట్లో పెట్టి రమ్మని ఆహ్వానంలోనే రాద్దాం. పిల్లల పట్టీలు, వాలంటీర్ల గాజులు కూడా తీయించాలి, డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి కాయిల్ దగ్గరికొస్తే అవే కూస్తాయి.

అనుమతుల బాధ్యత:
చాలా మంచి పని చేశారండీ. బ్రిటన్ రాజరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ వారి తీరంలో, అంటే ఆటుపోట్ల మధ్య ఇసుకలో, డిటెక్టింగ్‌కి పర్మిట్ అక్కర్లేదు. కానీ తీరంలో దాదాపు సగమే వాళ్ళది. మనం గుడారాలు వేసే పొడి ఇసుక గురించి కౌన్సిల్‌కి ఈ వారమే రాస్తాను, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే పోస్టర్ వేయండి. దక్షిణాన జిబ్రాల్టర్ పాయింట్ ప్రకృతి సంరక్షణ ప్రాంతం, అటువైపు ఎవరూ డిటెక్టర్ తీసుకెళ్ళొద్దు. నిజంగా పాత వస్తువేదైనా దొరికితే కడగకుండా నాకు చూపించండి. 1996 ట్రెజర్ చట్టం కింద నిధి అనిపించినదాన్ని 14 రోజుల్లో తెలియజేయాలి. బాంబులాంటిది ఏది కనిపించినా ముట్టుకోకుండా జనాన్ని దూరం జరిపి అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాలి.

రవాణా బాధ్యత:
అక్కా, బస్సు ఎన్నింటికి పెట్టమంటారు? ఆటు సమయం నెట్‌లో చూశాను.

పిల్లల ఆటల బాధ్యత:
తమ్ముడూ, ఆ పట్టిక జీఎంటీలో, అంటే గ్రీనిచ్ సమయంలో ఉందేమో చూడు. అలా ఉంటే వేసవిలో మన గడియారాలు గంట ముందుంటాయి కాబట్టి ఒక గంట కలపాలి. పెద్దవాళ్ళు తడి ఇసుకలో వెతకాలంటే పూర్తి ఆటుకి రెండు గంటల ముందు దిగి, నీళ్ళు తిరగగానే వెనక్కి రావాలి. దానికి తగ్గట్టు బస్సు పెట్టు.

ఆట ఇలా అనుకుంటున్నాను. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు 24 మంది, నలుగురేసి ఆరు జట్లు, మూడు డిటెక్టర్లు, రెండు విడతలు. ఒకరు డిటెక్టర్ తిప్పుతారు, ఒకరు చోటు గుర్తిస్తారు, ఒకరు తవ్వుతారు, ఒకరు గుంట పూడుస్తారు. పూడ్చేవాళ్ళకే ఎక్కువ మార్కులు, ఎందుకంటే వెనకాల పరుగెత్తుకొచ్చే చిన్నపిల్లలు అందులో కాలు పెడతారు. ముందే 40 నాణేలు పాతిపెట్టి లెక్క రాసుకుంటాను, 40 వెనక్కి రావాలి. పారలు, జల్లెడలు ప్లాస్టిక్‌వే తెండి. జట్టుకొక పెద్దవాళ్ళు, ఆరుగురు పేర్లివ్వండి. పిక్నిక్‌కి ముందు వచ్చే శనివారం పార్కింగ్ దగ్గర గంటసేపు నేర్పిస్తాను.

భోజనాల బాధ్యత వదినకి ఒక మనవి. పులిహోర పొట్లాలు ఫాయిల్‌లో వద్దు. ఒక్క ముక్క ఇసుకలో కలిసినా రోజంతా బంగారంలా కూస్తుంది.

భోజనాల బాధ్యత:
సరేనమ్మా, పేపర్ బాక్సుల్లో పెట్టిస్తాను. ఫాయిల్ రోల్ అసలు బస్సెక్కనివ్వను. ఆ మెట్టె నాదే. పెళ్ళిలో మీ అన్నయ్య పెట్టినది. దాని కోసం ఇంత ఆలోచించావంటే కళ్ళు చెమర్చాయి.

పిల్లల ఆటల బాధ్యత:
వదినా, ఏడాదిలో ఇసుక చాలా కదిలి ఉంటుంది, దొరుకుతుందని మాట ఇవ్వలేను. కానీ ఆట అయ్యాక మంచి డిటెక్టర్‌తో ఒక గంట అక్కడే వెతుకుతాను. మనం ఎక్కడ కూర్చున్నామో తెలిసే ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? వెనకాల పియర్, అంటే సముద్రంలోకి కట్టిన వంతెన, కనిపించేవైతే మంచిది.

రవాణా బాధ్యత:
నా దగ్గర నాలుగున్నాయి అక్కా, రాత్రికి పెడతాను. ఒక జట్టుకి నా పేరు రాసుకోండి.