‘చతురాహతవర్గసమై రూపైః’: ఇక్కడ రూపం అంటే?

ప్రశ్న: వర్గసమీకరణాన్ని సాధించడానికి, భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’ గ్రంథంలో పూర్వ గణితవేత్త శ్రీధరుడిదని చెప్పి ఉదాహరించిన సూత్రం ఇది:

చతురాహతవర్గసమై రూపైః పక్షద్వయం గుణయేత్
పూర్వావ్యక్తస్య కృతేః సమరూపాణి క్షిపేత్ తయోరేవ

‘నాలుగు వర్గాలకు సమానమైన రూపాలు’ అని చెప్పుకుంటే లెక్క కుదరడం లేదండి.

జవాబు: ‘ఆహత’ అంటే ఇక్కడ హెచ్చవేసిన అని. గణితంలో హన్ ధాతువుకు గుణించడమని అర్థం. హతి, ఘాతం రెండూ లబ్ధానికి పేర్లే. వర్గం అన్నది వర్గపదపు గుణకం. రూపం అంటే ఆకారం కాదు, అవ్యక్తం (విలువ తెలియని రాశి) అంటని ఉత్త సంఖ్య. ‘సమైః’లో విసర్గ రేఫకు ముందు లోపించింది, అంతే. కాబట్టి ‘వర్గ గుణకానికి నాలుగింతలైన సంఖ్యతో సమీకరణపు రెండు పక్షాలనూ (వైపులనూ) గుణించాలి’.

మరొకరు: లెక్కలో పెట్టి చూద్దాం. అవ్యక్తాన్ని ‘య’ అందాం (అవ్యక్తానికి పాత పేరైన ‘యావత్తావత్తు’కు పాతవాళ్లు ‘యా’ అనే రాసేవారు).

3య² + 7య = 6
12తో హెచ్చవేస్తే: 36య² + 84య = 72
రెండు వైపులా 49 కలిపితే: (6య + 7)² = 121
6య + 7 = 11 లేదా −11
య = 2/3 లేదా −3

ఈ 49 ఎక్కడిదో చెప్పేది ‘పూర్వ’ అన్న మాట. హెచ్చవేయక ముందున్న గుణకం 7, దాని కృతి, అంటే వర్గం. ఎదురుగా 84 కనబడుతోంది కదా అని దాని వర్గం కలిపితే ఎడమవైపు పూర్ణవర్గం కాదు. ‘తయోరేవ’ కూడా అలాంటిదే: ఆ రెండు పక్షాలకూ కలపాలి. ఎడమవైపుకే కలిపి కుడివైపు 72నే ఉంచేయడం చాలామంది చేసే తప్పు.

భిన్నాలు చివరిదాకా రాకపోవడం ఈ పద్ధతిలోని అందం. మామూలుగా వర్గం పూర్తి చేసేటప్పుడు ముందే 3తో భాగించి 49/36 మోయాలి.

ప్రశ్న: ఆ 121 మూలాల తీరు చెప్పే మన విచక్షణియేనా (b² − 4ac)?

జవాబు: అదేనండి. 49 + 72. అది రుణసంఖ్య అయితే వాస్తవ మూలాలుండవు. సున్నా అయితే రెండు మూలాలూ సమానం.

మరొకరు: మధ్య గుణకం సరిసంఖ్య అయితే నాలుగు అక్కర్లేదు. 3య² + 8య = 3ను 3తో హెచ్చవేసి, 8లో సగమైన 4 వర్గాన్ని కలపండి: (3య + 4)² = 25. య = 1/3 లేదా −3.