సమస్య: ‘ప్రభువునకు లేదు ప్రభువుల సభను చోటు’

నిర్వాహకుడు: తేటగీతి. ఇంద్రసభ, కురుసభ వద్దు. 18వ శతాబ్దపు బ్రిటన్, ఐర్లండు పార్లమెంట్ల మీదే పూరించాలి. కానివ్వండి.

తెనాలి బుల్లోడు:
ప్లాసి గెలిచిన క్లైవుకు ప్రభువు పేరు
రాజు తా నిచ్చె నదియు నైర్లండు బిరుదు
క్రింది సభలోనె కూర్చుండె గెలిచి తాను
ప్రభువునకు లేదు ప్రభువుల సభను చోటు

గురులఘువు: భళా! 1762లో దక్కింది ఐరిష్ బారన్ పదవి, దాంతో లండన్‌లో ప్రభువుల సభ తలుపు తెరుచుకోదు. ష్రూస్‌బరీ సభ్యుడిగా కామన్స్‌లోనే, అంటే దిగువ సభలోనే, ఉండిపోయాడు. విరోధం హాయిగా విడిపోయింది. కాకపోతే బిరుదులోని ప్లాసీ బెంగాల్‌ది కాదు, క్లేర్ కౌంటీలో తను కొన్న భూమికి పెట్టుకున్న పేరు. పోయినసారి పద్యంలో కార్న్‌వాలిస్‌ను శ్రీరంగపట్నంలోనే వదిలేసినవారు ఐర్లండు దాకా రావడమే గొప్ప లెండి.

తెనాలి బుల్లోడు: ఆ పద్యం ఇంకా అరగలేదా మాస్టారూ? ఆయన 1798లో వైస్రాయ్‌గా డబ్లిన్ వెళ్ళాడు. ఐర్లండు పార్లమెంటును లండన్‌ పార్లమెంటులో కలిపేసే యూనియన్ బిల్లు కోసం బిరుదుల బేరాలాడుతూ, ఈ పాడు పనికి దిగినందుకు నన్ను నేనే అసహ్యించుకుంటున్నానని ఉత్తరం రాశాడు. అది మీరు పూరించండి, చూద్దాం.

గురులఘువు:
ఓటు నమ్మగ లార్డయ్యె నొక్క డచట
డబ్లిన్‌లో మేడ బ్యాంకుగా డబ్బు లెంచె
నిరువ దెనిమిది మందికే యింక తావు
ప్రభువునకు లేదు ప్రభువుల సభను చోటు

పద్యప్రియ: గురులఘువు గారూ, ‘డబ్లిన్‌లో’ మూడూ గురువులే! పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం ఏదండీ? ‘డబ్లినున’ అంటే పోయేదిగా. తావు, చోటు పక్కపక్కనే రావడం కూడా నాకు నచ్చలేదు. భావం మాత్రం అదిరింది. 1801 నుంచి ఐరిష్ లార్డులు తమలో 28 మందిని ఎన్నుకుని లండన్ పంపాల్సి వచ్చింది, మిగతావాళ్ళకు బిరుదే మిగిలింది. సభాభవనాన్ని 1803లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ కొనేసింది. ‘డబ్బు లెంచె’ దగ్గర పకపకా నవ్వేశాను.

తెనాలి బుల్లోడు: లఘువులన్నీ పేరుకే ఖర్చయిపోయినట్టున్నాయి. మరి ఐరిష్ ప్రభువు డౌన్‌షైర్ సంగతేమిటి? యూనియన్‌ను ఎదిరించి పదవులు పోగొట్టుకున్నాడు. ఓటు అమ్మలేదు. అయినా రద్దయిన తన బరో (చిన్న పట్టణ నియోజకవర్గం) సీట్ల కింద 52,500 పౌండ్లు పుచ్చుకున్నాడు!

గురులఘువు: బరో ఒక్కింటికి 15,000 పౌండ్లు, యజమాని ఎటు ఓటేసినా ఇచ్చారు నాయనా. అది నష్టపరిహారం, బిరుదులది వేరే పద్దు. ఇదంతా తేటగీతిలో పట్టదు, సీసం కావాలి. రాత్రికి పెడతాను.

పద్యప్రియ: సీసంలో గణాలు ఇంకా ఎక్కువ మాస్టారూ, చూసుకోండి.