పాత పటం నదిలో కలపాలా, మ్యూజియంలో పెట్టాలా?

పాతపటం: తెలంగాణలోని చేర్యాలలో బొమ్మలు గీసే నకాషీలు, కుల పురాణాలు చెప్పేవాళ్ల కోసం బట్ట మీద కథంతా పొడుగ్గా బొమ్మలుగా వేసి పటాలు గీసేవారు. పటం చిరిగిపోతే పూజ చేసి నదిలో కలిపి, కొత్తది గీయించుకునేవారట. అంతంత పొడుగు పటం నీళ్లపాలు! మిగిలినవైనా మ్యూజియంలో పెట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కూనపులి మనవడు: నేను చెప్తా. మేం పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్లం. మా తాత పటం చూపిస్తూ మార్కండేయ పురాణం చెప్పేవాడు. పటం మాకు బొమ్మ కాదు, దేవుడు. పానం పోయిన దేవుణ్ని అద్దాల పెట్టెలో పెడతారా? పాతది కలిపితేనే నకాషీలకు కొత్త పని.

రాజి: ఈ సంగతి ఇప్పుడే వింటున్నా.

పాతపటం: సెంటిమెంట్ సరే. ఖాదీ బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టిస్తారు. చెద పడితే ఏం మిగులుతుంది?

శ్రీను: చింతగింజల జిగురు ఉన్నా మాకు చెద పట్టలేదు. మా ఇంట్లో చేర్యాల మాస్క్ పదేళ్లుగా గోడకే ఉంది.

పాతపటం: మాస్క్ కొబ్బరిచిప్పది సార్! పటం బట్ట.

శ్రీను: జిగురు ఒకటేగా?

రాజి: మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లకూ పటాలు ఉండేవి కదా. వాళ్లనెవరైనా అడిగారా?

కూనపులి మనవడు: ఎవరడుగుతారు? ఫొటోలు తీసి ఇస్తానని ఒకాయన మా తాత పటం పట్టుకెళ్లాడు, తిరిగిరాలేదు. పటం లేక ఆ ఏడు మిరాసి ఊళ్లకు, అంటే కథ చెప్పే హక్కు వంశంగా మాకున్న ఊళ్లకు, పోలేదు. తాత బట్టల కొట్లో కాపలాకు కుదిరాడు. తర్వాత ఒక ప్రదర్శనలో అట్లాంటిదే చూశా. కింద కార్డు మీద 'నకాషీ కళ, చేర్యాల'. అంతే. కథ చెప్పినోళ్ల ఊసే లేదు.

పాతపటం: ఒకడు మోసం చేస్తే అందరూ దొంగలా? అది నీళ్లలో కలిసుంటే మీరు చూసేవారే కాదు.

కూనపులి మనవడు: చూసి ఏం చేసుకోను? జీఐ ట్యాగ్, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, బొమ్మకొచ్చింది, కథకు రాలేదు. గోడకు తగిలించడానికి బొమ్మ కావాలి, ఊరూరా వడ్లు అడిగే మేం వద్దు. బడిలో నన్ను 'అడుక్కునేటోళ్ల పిలగాడు' అన్నారు. ఇప్పుడేమో వారసత్వమట!

శ్రీను: పర్సనల్‌గా తీసుకోకండి.

కూనపులి మనవడు: ఇంకెట్లా తీసుకోవాలి?

పాతపటం: నేను అలా అనలేదు. నేనూ పద్మశాలినే. కూనపులివాళ్లు పటంలో మా మూలపురుషుడు భావనారుషిని, పులి మీద కూర్చున్నవాణ్ని, కర్రతో చూపిస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ని. ఇవ్వాల్సింది ఇవ్వడానికి మా నాన్న విసుక్కునేవాడు. ఒక ఏడు వాళ్లొస్తున్నారని తెలిసి తలుపేసుకున్నాం. మళ్లీ రాలేదు. ఆ పటం ఎక్కడో ఒకచోట ఉండాలని నాకుంటుంది.

కూనపులి మనవడు: ఏ ఊరు మీది?

పాతపటం: ఊరెందుకులెండి. పటం మాత్రం అద్దంలోనే ఉండాలంటా.