రోజువారీ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ పదేళ్లు నిలుస్తుందా?

గాంధీరోడ్డు స్టూడియో, తిరుపతి:
తిరుచానూరు, తిరుపతి మండపాల్లో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. ముహూర్తాల రోజుల్లో ఒక్కో పెళ్లికి వంద జీబీ దాకా కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఇన్నిసార్లు రాస్తే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే డ్రైవు) త్వరగా అరిగిపోతుందని, హార్డ్ డిస్కే మేలని మా మెకానిక్ అంటున్నారు. పెద్దలు ఏమంటారు?

చిత్తూరు అకౌంటెంట్:
మెకానిక్ మాట కొట్టిపారేయదగినది కాదు. ఎస్‌ఎస్‌డీ చిప్పుల్లో సమాచారం దాచే ఫ్లాష్ మెమరీ గడిలో ఎన్నిసార్లు చెరిపి రాయవచ్చో దానికొక హద్దు ఉంది. గడికి నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ రకంలో ఆ హద్దు ఇంకా తక్కువ. హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటక కొట్టుకుంటూ ముందే హెచ్చరిస్తుంది. మా ఆఫీసులో ఒక ఎస్‌ఎస్‌డీ మాత్రం జీఎస్టీ రిటర్నుల గడువు రోజున చెప్పాపెట్టకుండా బయాస్‌లోనే (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల తెరలో) కనిపించకుండా పోయింది.

రిటైర్డ్ సిస్టమ్ అడ్మిన్, తిరుపతి:
అకౌంటెంట్ గారూ, అరుగుదల నిజమే, కాని లెక్క వేసి చూడండి. ఒక టీబీ శామ్‌సంగ్ 870 ఈవీఓకు కంపెనీ ఇచ్చే హామీ 600 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ) రాతలు. రోజుకొక పెళ్లి చొప్పున వంద జీబీ రాసినా అది 6000 రోజులు, అంటే 16 ఏళ్ల పైమాటే (మూఢంలో కూడా పెళ్లిళ్లు జరుగుతాయనుకుని వేసిన లెక్క ఇది). మీరన్న క్యూఎల్‌సీ రకమైన 870 క్యూవీఓకు హామీ 360 టీబీయే అయినా దాదాపు పదేళ్లు వస్తుంది.

మీ ఆఫీసు డ్రైవు పోయిన తీరు చూస్తే నా అనుమానం కంట్రోలర్ మీదే. ఏ సమాచారం ఏ గడిలో ఉందో చెప్పే పట్టికను నడిపేది ఆ చిప్పే కాబట్టి, రాస్తుండగా కరెంటు పోయి పట్టిక చెడితే, గడులు గట్టిగా ఉన్నా డ్రైవు తెరుచుకోకపోవచ్చు. అందుకే ముందు మంచి యూపీఎస్ కొనమంటాను.

చిత్తూరు అకౌంటెంట్:
కంపెనీ రాసుకున్న అంకెలే సాక్ష్యమా? పైగా చిప్పు పోయినా గడి పోయినా ఫైళ్లు పోయినవారికి తేడా ఏముంది?

రిటైర్డ్ సిస్టమ్ అడ్మిన్, తిరుపతి:
బయటి సాక్ష్యమూ ఉంది. టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైటు 2013లో మొదలుపెట్టి 2015 దాకా, 250 జీబీకి అటూఇటూ ఉన్న ఆరు డ్రైవుల మీద అవి చచ్చేదాకా రాస్తూ పోయింది. ఆరూ 700 టీబీ దాటాయి, చివరిది 2400 టీబీ దాటింది. వాటిలో ఎక్కువ గడికి రెండు బిట్ల పాతకాలపువే, ఆ మేరకు మీ అభ్యంతరం చెల్లుతుంది.

నేను ఒప్పుకోనిది ఒక్కటే: ఫొటోలను ఎస్‌ఎస్‌డీలో వేసి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడం. హామీ మేరకు రాతలు పూర్తయిన డ్రైవు కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు సమాచారం నిలపాలన్నదే జెడెక్ (చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం. వేడి పెరిగితే గడిలో సమాచారాన్ని నిలిపే విద్యుదావేశం ఇంకా త్వరగా కారిపోతుంది. రోహిణి కార్తెలో మన గదులు 30 డిగ్రీల్లో ఉంటాయా? స్టూడియో వారూ, ఎడిటింగు ఎస్‌ఎస్‌డీలో చేసుకుని, ఆల్బమ్ ప్రింటుకు వెళ్లగానే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి ఇంట్లో ఉంచండి.